రివర్టుకీ రివర్సుకీ మధ్య ఒక లంక

మొన్న పొద్దున్న వీధరుగు మీద కూర్చుని ఎండ కాగుతుంటే, మా పక్కింటాయన రెండో కొడుకు, కొత్తగా పెట్టిన ఇంగ్లీషు బడిలో పంతులుగా చేరి ఇంకా ఆరు నెలలైనా నిండనివాడు, చంకలో పుస్తకం పెట్టుకుని వచ్చి, ఎంతో వినయంగా నిలబడి, "తాతగారూ, రివర్టుకీ రివర్సుకీ తేడా ఏమిటండీ? రెండూ తిరగడమే కదండీ?" అని అడిగేడు. పాపం, అతని తప్పేమీ లేదు. అమలాపురంలో దొరల కాగితాల మీద ముప్పై ఏళ్ళు బతికినవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలేను కనుక, సందేహం వస్తే నా దగ్గరికి రావడం సహజమే. కాని ఆ మాట చెవిన పడేసరికి ఒళ్ళు భగ్గుమని, పో, నా అరుగు దిగు, మళ్ళీ ఈ మాట పట్టుకుని నా గుమ్మంలోకి రాకు అని అరిచేను. అతను తెల్లబోయి, చెప్పులు అక్కడే వదిలేసి వెళ్ళిపోయేడు. కోడలు గుమ్మంలోకి వచ్చి, "ఏమయిందండీ మావయ్యగారూ?" అంది. ఏమీ కాలేదమ్మా, లోపలికి వెళ్ళు అన్నాను. ఏమయిందో చెప్పాలంటే ముప్పై అయిదేళ్ళు వెనక్కి నడవాలి. అంత దూరం నాతో నడవగలిగినవాళ్ళు నా ఈడువారే గాని, నిన్న మొన్న కాపురానికి వచ్చిన పిల్లలు కారు.

కుంపిణీవారి దొరతనం చూసిన మీకు వివరించనక్కరలేదు. ఆ రోజుల్లో మన కోనసీమలో ఇంగ్లీషు చదవగలిగిన మనిషి తాలూకాకు ఒకడుంటే గొప్ప. దొర ఏమి రాసేడో ఆ ఒక్కడు చెప్పిందే వేదం. కాదు, ఇది కాదు అనడానికి రెండోవాడు లేడు. మా తాలూకా కచేరీలో, ఏ కచేరీయో పేరు పెట్టను, అప్పటివారి మనవలు ఇంకా మన మధ్యే తిరుగుతున్నారు, ఆ ఒక్కడూ మా మేనమామ. మా అమ్మకు స్వయానా అన్నగారు, ఆ పైన నాకు పిల్లనిచ్చిన మామగారు. చిన్నతనంలో బందరులో ఒక దొర దగ్గర దుబాసీ పనికి కుదిరి, చెవితో విని నేర్చుకున్న ఇంగ్లీషు ఆయనది. మాట్లాడితే ధారాళంగా ఉండేది. చదవవలసి వస్తే మాత్రం సగం అక్షరం, సగం ఊహ. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఇంకెవరికీ తెలియదని కూడా ఆయనకు తెలుసు. జరీ అంచు తలపాగా చుట్టుకుని, పొడుం పీల్చి, దొర కాగితం చేతిలోకి తీసుకుని గొంతు సవరించుకుంటే కచేరీ అంతా ఊపిరి బిగబట్టేది.

నేను నేర్చుకున్న తీరు వేరు. ధవళేశ్వరంలో ఆనకట్ట పని జోరుగా సాగుతున్న కాలంలో, మా నాన్నగారు పోయి ఇల్లు గడవక, అక్కడ రాతపనికి కుదిరి మూడేళ్ళు ఒక ముసలి ఓవర్సీరు దొర కింద ఉన్నాను. మహా కోపిష్టి. తప్పు రాస్తే కాగితం చింపి మొహాన కొట్టేవాడు. ఒకనాడు నేను ఈ రెండు మాటలూ కలిపేసి రాసేను. ఆయన కాసేపు నావైపు చూసి, తన చొక్కా విప్పి, లోపలి వైపు పైకి తిప్పి మళ్ళీ తొడుక్కుని, ఇది రివర్సు అన్నాడు. తరవాత నా భుజం మీది కండువా లాక్కుని తన మెడలో వేసుకుని, ఇటూ అటూ నాలుగడుగులు పచారు చేసి, దాన్ని తెచ్చి నా భుజం మీదే వేసి, ఇది రివర్టు అన్నాడు. ఉన్నదాన్ని తలకిందులు చేస్తే మొదటిది, ఎవరిది వారి దగ్గరికే మళ్ళీ చేరితే రెండోది. తీర్పును కొట్టివేస్తే మొదటి మాట రాయాలి. మాన్యం పాత హక్కుదారుకు పోతే రెండో మాట రాయాలి. ఆ పాఠం నేను చచ్చేవరకూ మరిచిపోను, మరిచిపోకపోవడమే నా ఖర్మ అయింది.

ఆనకట్ట పని ముగిసేక మా అమ్మ పోరు పడలేక మావయ్యగారు నన్ను తన కచేరీలో నకళ్ళు రాసే పనిలో పెట్టించేరు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. తన చేతి కింద పనివాడుగా, తన కూతురి మొగుడుగా, తన దయ మీద తిండి తినేవాడుగా ఉన్నంతకాలం ఆయనకు నా మీద పేచీ లేదు. దొరల కాగితం నేను వేగంగా చదువుతున్నానని పసిగట్టిన నాటి నుంచి మొదలయింది వైరం. నా చేత కలాలు చెక్కించేవారు, సిరా కలిపించేవారు, అసలు కాగితం మాత్రం నా కంట పడనిచ్చేవారు కారు. నేనూ తక్కువ తినలేదు. ఆయన తర్జుమాల్లో తప్పులు దొంగచాటుగా వెతికి, ఇంటికొచ్చి మా ఆవిడకు వినిపించి నవ్వేవాణ్ణి. కన్నతండ్రిని గూర్చి అలా నవ్వుతుంటే ఆమె మొహం ఎలా ఉండేదో ఆ రోజుల్లో నేను చూడలేదు.

ఇక ఆ రేవు సంగతి. ఇవతల మన వైపు నుంచి అవతల రాజోలు వైపుకి గోదావరి పాయ వైనతేయం దాటించే రేవుల్లో ఒక చిన్న రేవు ఉండేది. ఆ పడవ నడిపే సరంగు ఇంటికి, నడిపినందుకు ప్రతిఫలంగా, ఏటి మధ్య లంకలో కొంత మాన్యం తరతరాలుగా ఉంది. అరటి, కంద, ఇసకనేలలో పొగాకు, ఒక పాక, రెండు గేదెలు, అదీ వాళ్ళ బతుకు. ఆ ఏడు వాంతిభేది వచ్చి సరంగు పోయేడు. ఎనిమిదేళ్ళ ఆడపిల్లతో మిగిలిన అతని భార్య కర్మకాండ ముగియగానే తనే గెడ పట్టి పడవ నడిపించింది. మొగుడు మంచాన ఉన్న రోజుల్లో వరద ఏట్లో కూడా నడిపిందని రెండు గట్ల జనమూ చెప్పేవారు. అయితే ఆమె మరిది ఊరుకోలేదు. ఆడది గెడ పట్టడమేమిటి, రేవూ నాదే మాన్యమూ నాదే అని దావా పెట్టేడు. తాసీల్దారుగారు విచారణ తేలేదాకా మాన్యం సర్కారు జప్తులో ఉంచి, రెండు గట్ల వాళ్ళనూ పిలిచి అడిగి, చివరికి మాన్యం ఆ విధవరాలికే ఇవ్వాలని ఉత్తరువు రాసేరు. మరిది పైకి, సబ్ కలెక్టరు దొరకు, మనవి పెట్టుకున్నాడు. కాగితాలు పైకి వెళ్ళి నెలన్నరకు తిరిగొచ్చేయి. అడుగున దొర స్వహస్తంతో ఒకే ఒక్క ముక్క. తాసీల్దారు ఉత్తరువు చూసేను, ల్యాండ్ టు రివర్ట్, అని. అంటే జప్తులో ఉన్న భూమి దాని మనిషికే, ఆవిడకే, మళ్ళీ చేరాలని.

మావయ్యగారు ఆ ముక్కను ఎలా తర్జుమా చేసేరో అక్షరం అక్షరం నాకు గుర్తే: "తాసీల్దారు ఉత్తరువు చూడడమైనది. భూమి విషయమై సదరు ఉత్తరువు తిరగవేయడమైనది." అంతే. ఆవిడ గెలిచిన వ్యాజ్యం ఆ ఒక్క వాక్యంలో ఓడిపోయింది.

మావయ్యగారు ఆ మరిది దగ్గర లంచం తిన్నారని చాలామంది అనుకున్నారు. అది అబద్ధం. తిని ఉంటే ఎప్పుడో ఒకప్పుడు క్షమించి ఉండేవాణ్ణేమో కూడా. ఆయన ఏమీ తినలేదు, ఎవరి మీదా పగ పెట్టుకోలేదు, ఆ ఆవిడ మొహం కూడా ఎరగరు. తెలియని మాటను తెలిసినట్టు రాసేరు, అంతే.

నకలు రాయడానికి నా చేతికి వచ్చినప్పుడు పొరపాటున అసలు కాగితం కూడా దాంతో పాటే వచ్చింది. చూసేను. గుండె ఝల్లుమంది అని రాస్తే అబద్ధమాడినట్టే. సంతోషం వేసింది. దొరికేడు అనుకున్నాను. నలుగురూ ఉన్న సమయం చూసుకుని, మిట్టమధ్యాహ్నం, గుమాస్తాలందరూ వినేలా వెళ్ళి నిలబడ్డాను.

"మావయ్యగారూ, ఇది రివర్సు కాదండి, రివర్టు అండి."

"అయితే?"

"భూమి ఆవిడకే చేరాలన్నారండి దొరగారు. ఉత్తరువు కొట్టెయ్యలేదండి."

ఆయన పొడుం డబ్బీ మూత పెట్టి, నిదానంగానే అన్నారు. "రెండూ తిరగడమేరా. నువ్వు పుట్టకముందు నుంచీ ఈ మాటలు తిప్పుతున్నాను. వెళ్ళి నకలు రాసుకో."

అక్కడితో ఆగి, సాయంత్రం ఇంటి దగ్గర ఒంటరిగా చెప్పి ఉంటే ఆయన ఏమి చేసి ఉండేవారో నాకు తెలియదు. ఒక్కరాత్రి ఆలోచించుకుని, మర్నాడు మరో కాగితం రాసి ఉండేవారేమో. నాకు ఆ ఓపిక ఎక్కడిది? ఓవర్సీరు దొర నేర్పిన పాఠం ప్రదర్శించాలని బుద్ధి పుట్టింది. మావయ్యగారి భుజం మీది ఉత్తరీయం చప్పున లాగి నా మెడలో వేసుకుని, కచేరీ మధ్య నాలుగడుగులు పచారు చేసి, మళ్ళీ ఆయన మీద వేసి, ఇదండి రివర్టు అంటే, అన్నాను. ఆయన నడకనే అనుకరిస్తూ నడిచేనని గుమాస్తాలకు అర్థమయింది. ఒకడు కిసుక్కున నవ్వేడు. తరవాత అందరూ నవ్వేరు.

ఆయన మొహం మీద రక్తం లేదు. ఉత్తరీయం సర్దుకుని, గొంతు పెంచకుండా అన్నారు. "రేపు రేవు దగ్గర ఈ కాగితం చదివేది నువ్వే. నేను రాసింది రాసినట్టు చదువు. చదవనంటావా, ఎల్లుండి నుంచి కచేరీకి రాకు. నా చెల్లెలికి నేను పెట్టే గింజలూ ఆపేస్తాను. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. తాసీల్దారుగారికి చెబుదామా అంటే ఆయనకు ఇంగ్లీషు అక్షరం రాదు, మావయ్యగారి కళ్ళతోనే చూసేవారు. మర్నాడు ఇద్దరు బంట్రోతులతో రేవుకి వెళ్ళేను.

జనం పోగయ్యేరు. మరిది తలపాగా చుట్టుకుని ముందు వరసలో ఉన్నాడు. ఆవిడ పడవ కట్టేసి, మోకాలిలోతు నీళ్ళలోంచి నడిచొచ్చి, తడి చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ నా ఎదట నిలబడింది. తిరగవేయడమైనది అని చదివేను. ఒక్క అక్షరం తడబడలేదు. చదవడం అయ్యేక ఆవిడే కాస్త దగ్గరికి వచ్చి, ఎవరి మీదా కోపం లేనట్టు, తెలుసుకోవడానికే అడుగుతున్నట్టు అడిగింది.

"బాబుగారూ, దొరగారి కాయితంలో నిజంగా అలాగే ఉందాండీ?"

"ఆయ్," అన్నాను.

మన గోదావరి వాళ్ళం అవుననడానికి రోజుకు వందసార్లు అనే మాట అది. అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేసింది.

ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది. బంట్రోతులు లంకలోని పాక విప్పేసేరు. గెడ కూడా రేవుదేనని లాక్కున్నారు. మరిది ఆ సాయంత్రమే అరటిగెలలు నరికించేడు. ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని, ఒక కుండ నెత్తిన పెట్టుకుని, ఎవరి పడవలోనో అవతలి గట్టుకు, రాజోలు వైపు తన తమ్ముడి పాకకు చేరింది. గేదెలు లంకలోనే అరుస్తూ ఉండిపోయేయి.

నేను మర్నాడే బయల్దేరి దొర దగ్గరికి వెళ్ళి ఉండవచ్చు. వెళ్ళలేదు. మూడు నెలలు కిక్కురుమనకుండా కచేరీకి వెళ్ళి, కలాలు చెక్కి, అన్నం తిన్నాను. ఆ తరవాతైనా కదిలించింది జాలి అనుకోకండి. మావయ్యగారింట్లో వాళ్ళ నాన్నగారి తద్దినానికి బంధువులంతా భోజనాలకు కూర్చున్నప్పుడు, ఆయన విస్తరి ముందు నుంచి నావైపు చూస్తూ, మా అల్లుడు రేవు దగ్గర కాగితం ఎంత చక్కగా చదివేడో, కంఠం ఖంగుమంది, అన్నారు. విషయం తెలిసిన గుమాస్తాలిద్దరు వంచిన తల ఎత్తకుండా నవ్వుకున్నారు. ఆ పూట విస్తట్లోంచి లేవకుండానే నిర్ణయించుకున్నాను, వీణ్ణి కూల్చాలని. మేనమామను, పిల్లనిచ్చినవాణ్ణి, మనసులో వీడు అనుకున్నాను.

సబ్ కలెక్టరు దొర ఆ శీతాకాలం కొత్తపేటలో మకాం వేసేడు. నేను ఇంగ్లీషులో అర్జీ రాసి, తెల్లవారగానే బయల్దేరి, పొలాల మధ్య పుంతల వెంట నడిచి వెళ్ళి, మామిడితోపులో ఆయన డేరా ముందు నిలబడ్డాను. దొర అర్జీ రెండుసార్లు చదివేడు. నల్లవాడు రాసిన ఇంగ్లీషని నమ్మలేక, నాచేత నాలుగు వాక్యాలు తన ఎదటే రాయించుకున్నాడు. తరవాత ఎర్రబడి, కచేరీ కాగితాలతో సహా మావయ్యగారిని పిలిపించేడు.

ఆయన మర్నాటికి వచ్చేరు. తలపాగా తీరుగా చుట్టుకుని, ఎందుకు పిలిచేరో తెలియక, నన్ను చూసి మొదట ఆశ్చర్యపోయి, తరవాత అర్థమయి, నా వైపు చూడడం మానేసేరు. దొర ఆ ముక్క చూపించి, దీనికీ రివర్సుకీ ఏమిటి భేదం, చెప్పు అన్నాడు. మావయ్యగారి పెదవులు కదిలేయి. రెండూ ఒకటే సార్, అన్నారు. దొర పకపకా నవ్వేడు. దొర నవ్వేడు కనుక బట్లరు నవ్వేడు, బట్లరు నవ్వేడు కనుక డవాలీ బంట్రోతులు నవ్వేరు. నేనూ నవ్వేను. అంతమంది నవ్వుతుంటే ఆయన నా ఒక్కడి మొహమే చూసేరు. నలభై ఏళ్ళ కొలువు ఆ తోపులో ఆ మధ్యాహ్నమే ముగిసింది. ఆయన పని నాకిస్తున్నట్టు దొర అక్కడికక్కడే కాగితం మీద రాసేడు. తిరుగు ప్రయాణానికి పడవలో చోటుంది రమ్మని అక్కడి పడవవాడు పిలిస్తే, నేను ఉన్న పడవ ఎక్కనని, అరవయ్యో పడిలో ఉన్న మనిషి కాలినడకన బయల్దేరేరు.

నేను గెలిచేనన్న ఉత్సాహంతో ఇల్లు చేరితే మా అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఆవిడ భూమి ఆవిడకిప్పించేవు, బాగానే ఉంది. మా అన్నయ్యని అంతమందిలో నిలబెట్టి నవ్వించేవెందుకురా?" అంది. నవ్వింది దొర అన్నాను. "నువ్వు నవ్వలేదూ?" అంది. ఆ తరవాత మా అమ్మ పదిహేనేళ్ళు బతికింది; వేళకు అన్నం వడ్డించింది, జబ్బు చేస్తే కషాయం కాచింది, కాని నాయనా అని పిలవడం మాత్రం మళ్ళీ వినలేదు.

మా ఆవిడ ఇంకో మాట అంది. మొదటిరోజు కొత్త ఉద్యోగానికి వెళ్ళి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళ చెంబు నేనే తెచ్చి ఆమెకు అందించబోయేను. ఆ రోజు ఆమెను మంచి చేసుకోవాలనిపించింది. "మా నాన్నగారి చోట కూర్చుని వచ్చిన చేత్తో నాకేమీ ఇవ్వకండి," అని లేచి, రెండు చీరలు మూటకట్టుకుని, పక్కవీధిలో ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది. మూడేళ్ళు రాలేదు. తరవాత పెద్దవాళ్ళు తీసుకొచ్చి దిగబెడితే వచ్చింది. పిల్లల్ని కన్నది, ఇల్లు నడిపింది. ఆ విషయం మాత్రం మా మధ్య మళ్ళీ ఎన్నడూ రాలేదు. రాకపోవడమే మా కాపురం.

దిద్దిన కాగితం నేనే స్వయంగా తీసుకుని అవతలి గట్టుకు వెళ్ళేను. బంట్రోతు చేత పంపవచ్చు, కాని ఆ ఆవిడ మొహంలో సంతోషం నేనే చూడాలనుకున్నాను. కొబ్బరి దింపుల కూలికి వెళ్ళి వచ్చి, తమ్ముడి పాక ముందు కూర్చుని, ఒడిలో కూతురి తల పెట్టుకుని ఉంది. ఆ మూడు నెలల్లో పిల్లకు చలిజ్వరం తగిలి, ప్రాణం దక్కింది గాని ఎడమ చెవి వినపడకుండా పోయిందట. నేను కాగితం విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు చదవొద్దండి."

"నీకు మంచి కబురే. భూమి నీదే. దొరగారు మొదటి నుంచీ నీకే రాసేరు."

"మొదటి నుంచీనాండీ?"

అప్పుడు గాని నేనేమన్నానో నాకు తెలియలేదు.

"అయితే ఆ రోజు నేనడిగేను కదండీ మిమ్మల్ని," అంది ఆవిడ. "అలాగే ఉందాండీ అని అడిగేను. ఆయ్ అన్నారు. అక్కడ పెట్టి వెళ్ళండి. ఈ ఊరి పంతులుగారి చేత చదివించుకుంటాను."

అరుగు మీద పెట్టి వచ్చేసేను.

మాన్యం ఆవిడకు చేరింది, రేవూ చేరింది, మరిది లంక వదిలిపెట్టి ఎటో పోయేడు. ఉద్యోగం మీద నేను ఆ రేవు నెలకు రెండు మూడుసార్లు దాటవలసి వచ్చేది. ఆవిడ నన్ను ఎన్నడూ దాటించనని అనలేదు, నోరెత్తి నిష్ఠూరం ఆడలేదు. కాని నేను ఎప్పుడు వెళ్ళినా, ఎంత ముందు వెళ్ళినా, గేదెలూ గడ్డిమోపులూ దాటేక ఆఖరి పడవలోనే నాకు చోటు దొరికేది. బంట్రోతులు గద్దించబోతే నేనే వారించేవాణ్ణి. ఎండలో ఇసక మీద నిలబడి, ఆ పిల్లను ఎవరైనా పిలవాలంటే కుడి పక్కకు వెళ్ళి పిలవడం చూస్తూ ఉండేవాణ్ణి.

మావయ్యగారు వీధిబడి పెట్టుకున్నారు. పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించేవారు. ఇంగ్లీషు మాట ఆ ఇంట్లో వినపడకూడదు. నేను ఎదురుపడితే దారి మార్చేవారు, మార్చడానికి దారి లేకపోతే గోడ వైపు తిరిగి నిలబడేవారు. నాకూ అంతే. ఆయన నీడ పడితే ఒళ్ళు మండేది. అపకారం చేసింది నేనని తెలిసిన కొద్దీ ఆ మంట పెరిగింది గాని తగ్గలేదు.

పన్నెండు పదమూడేళ్ళ తరవాత ఒక వేసవి పొద్దున్న నేను ఆ పడవలో కూర్చున్నాక, ఆయన చేతికర్ర పొడుచుకుంటూ రేవు దిగేరు. రాజోలు వైపు ఎవరిదో పెళ్ళి. నన్ను చూసేరు, వెనక్కి తిరగబోయేరు. ముహూర్తం దగ్గర పడింది కాబోలు, ఆగేరు. అప్పటికి గెడ ఆవిడ అల్లుడు వేస్తున్నాడు. వయసు మళ్ళిన ఆవిడ చుక్కాని దగ్గర కూర్చునుంది. ఆయనను చూడగానే లేచి, పడవ బల్ల మీది తడి తన పమిటతో తుడిచి, "రండి పంతులుగారూ, ఇలా కూర్చోండి," అని చెయ్యి పట్టి ఎక్కించింది. నాతో ఉన్న గుమాస్తా కొత్తవాడు. ఊళ్ళో విన్న కథ గుర్తు చేసుకుని, అమ్మా నువ్వు మనిషిని పొరబడుతున్నావు, నీ భూమి పోగొట్టినాయన ఆయన, ఇప్పించినాయన మా అయ్యగారు, అన్నాడు.

"ఎరుగుదునండి," అంది ఆవిడ. "ఆయనకి తెలవదు, తెలవక రాసేరు. ఈయనకి తెలుసు. తెలిసీ చదివేరు."

పడవలో పదిమంది విన్నారు. మావయ్యగారికి ఇంతకంటే ఏం కావాలి, పన్నెండేళ్ళ ఆకలి తీరుతుంది అనుకున్నాను. ఆయన ఏటివైపే చూస్తూ కూర్చున్నారు. అవతలి గట్టు దగ్గర పడుతుండగా, నావైపు తిరగకుండానే, ఆవిడతో అన్నారు.

"చదవమని వాణ్ణి పంపింది నేనేనమ్మా. చదవకపోతే వాళ్ళమ్మకి గింజలు ఆపేస్తానన్నాను."

"అన్నా గానండీ," అంది ఆవిడ, "ఆయ్ అనమని కూడా మీరే చెప్పేరాండీ?"

పడవ గట్టుకు తగిలింది. ఆవిడ అల్లుడు ఆయనను దింపేడు. నేను నా కండువా చివర నలుపుకుంటూ, ఆయన ఇసకలో నాలుగడుగులు వేసేక వెనక నుంచి, మావయ్యగారూ, అన్నాను. కొత్తపేట తోపు తరవాత ఇన్నేళ్ళలో నా నోట ఆ పిలుపు రావడం అదే మొదలు. విన్నారు, వీపు ఆగింది. మళ్ళీ కర్ర ముందుకు వేసి నడిచి వెళ్ళిపోయేరు. మరి రెండేళ్ళకు పోయేరు. ఆయన కొడుకులు నన్ను గుమ్మం బయటే ఉండమన్నారు. వాళ్ళ నాన్నగారి మాట అదేనట. వీధిలో ఎండలో నిలబడి చూసి వచ్చేను.

ఇప్పుడు ఆవిడా లేదు, మా అమ్మా లేదు. మా ఆవిడ పోయి నిరుటికి ఏడాది. కుంపిణీ పోయి రాణీగారి పేర కాగితాలు వస్తున్నాయి. కాలవలు వచ్చి, మెరకలన్నీ వరిచేలయ్యేయి. ప్రతి వీధిలో ఇంగ్లీషు వచ్చినవాడు ఒకడున్నాడు, ఒకడు తప్పు చదివితే దిద్దడానికి పదిమందున్నారు. మంచిదే. ఊళ్ళో ఈ కథ మాత్రం ఇప్పుడు వేరే విధంగా చెప్పుకుంటున్నారు. ఒక విధవరాలి మాన్యం కోసం సొంత మేనమామనే ఎదిరించి కొత్తపేట దాకా నడిచి వెళ్ళిన ధర్మాత్ముణ్ణట నేను. నా ఎదటే పిల్లలకు చెబుతారు. నేను దారిన పోతుంటే అరుగుల మీది వాళ్ళు లేచి నిలబడతారు. కాదు అనడానికి ఆవిడైనా, ఆయనైనా, ఎవరో ఒకరు ఉంటే బాగుండుననిపిస్తుంది. నన్ను అసహ్యించుకున్నవాళ్ళు నలుగురూ నన్ను బాగా ఎరిగినవాళ్ళు. ఇప్పుడు నాకు దణ్ణం పెట్టే ఈ జనంలో నేనెవరో తెలిసినవాడు ఒక్కడూ లేడు.